చూసి గీసిన గతం: ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్ నీటిరంగుల కథ



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ డ్రాయింగు మాస్టారి పూర్తి పేరు ఆహ్వానపత్రంలో ఉంది. నేను మాత్రం ఈ సాయంత్రమంతా మాస్టారనే అంటాను. ఈ ఊరు ఆయన్ని అలాగే పిలిచింది. డ్రాయింగు పీరియడు వస్తే లెక్కల సారో ఇంగ్లీషు సారో వచ్చి సిలబస్ పూర్తిచేసుకోవడం చాలా బడుల్లో మామూలు. ఆయన మాత్రం తన పీరియడును ఎవరికీ ఇవ్వలేదు. లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లల్ని తయారుచేసేటప్పుడు స్టూలు మీద ఒక చెంబో, చేటో, కిరసనాయిలు లాంతరో పెట్టేవారని శిష్యులు చెబుతారు. గీసింది చూసి బాగుందనీ, బాగాలేదనీ అనేవారు కాదట. "చెంబు మెడ దగ్గర సొట్ట ఉంది కదా, నీకు కనబడలేదా?" అని అడిగేవారట. సొట్ట మాయం చేసి నున్నగా గీసినవాడికి మార్కులు తగ్గేవి. ఆ సొట్ట ఏ బావిగట్టు మీదో, ఎవరి చేతిలోంచి జారిపడితేనో వచ్చింది. దాన్ని చెరిపేసే హక్కు గీసేవాడికి లేదని ఆయన నమ్మారు. ఒక వస్తువును, దాన్ని వాడిన మనుషులను గౌరవించడం ఆయన పిల్లలకు నేర్పింది ఆ విధంగానే.

అలాంటి మనిషి పేరున మాట్లాడమని అడిగినప్పుడు నాకు తోచింది 1930ల నాటి అమెరికా. అక్కడ కొన్ని వందలమంది చిత్రకారులు ప్రభుత్వం ఇచ్చే కూలి తీసుకుని, ఏడేళ్లపాటు పాత బొంతలు, మట్టి జాడీలు, వెన్న అచ్చులు, పిల్లల బొమ్మలు, రంగులరాట్నం గుర్రాలు, ఓడల ముక్కున నిలబెట్టిన కొయ్య బొమ్మలు, చర్చి శిఖరం మీద గాలి దిక్కు చూపే రేకు బొమ్మలు ఎదురుగా పెట్టుకుని నీటిరంగుల్లో గీశారు. సొట్టలతో, చిరుగులతో, తుప్పుతో సహా గీశారు. ఆ పనికి ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్ అని పేరు పెట్టారు. అలా తయారైన సుమారు 18,000 ప్రతులు ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి.

ఈ బొమ్మల గురించి నా వాదన ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు గీయడంలో ఈ చిత్రకారులు చూపిన నిజాయితీ గొప్పది. కానీ ఏ వస్తువును బల్ల మీద పెట్టాలన్న నిర్ణయం, కుంచె కదలకముందే, వేరేచోట జరిగిపోయింది. అందుకని ఈ ప్రతుల్లో ప్రతి ఒక్కటీ నిజమే అయినా అన్నీ కలిపి చెప్పే కథ సగం నిజమే. దీన్ని కొన్ని మెట్లుగా వివరిస్తాను. పిల్లలు మధ్యలో లేచి వెళ్లినా నేనేమీ అనుకోను.

1. ఆకలి, గ్రంథాలయం

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ మార్కెట్ కూలిపోయింది. 1933 నాటికి ఆ దేశంలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. ఇల్లు గడవనప్పుడు బొమ్మలు కొనేవాళ్లు ఉండరు. చిత్రకారులు, ప్రకటనలకు బొమ్మలు వేసేవాళ్లు, బట్టల డిజైనర్లు అందరూ వీధిన పడ్డారు. 1935లో రూజ్వెల్ట్ ప్రభుత్వం వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్‌ను ఏర్పాటుచేసింది. డబ్ల్యూపీఏ అని అందరూ పిలిచే ఆ సంస్థ రోడ్లు, వంతెనలు, బడులు కట్టించింది. కూటికోసం కోటి విద్యలంటాం. ఆ విద్యల్లో బొమ్మ గీయడం కూడా ఒకటని గుర్తించడం ఆ ప్రభుత్వం చేసిన మంచి పని. అదే ఏడు దాని కింద ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు మొదలైంది. హోల్గర్ కాహిల్ దాని డైరెక్టరు. ఐస్‌లాండులో పుట్టి, పసితనంలోనే ఉత్తర అమెరికా చేరి, పొలం పనులూ కూలి పనులూ చేసుకుంటూ పెరిగిన మనిషి ఆయన. 1932లోనే న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో అమెరికా సామాన్యుల కళ మీద పెద్ద ప్రదర్శన నడిపి ఉన్నాడు.

ఇండెక్స్ ఆలోచన మాత్రం ఒక గ్రంథాలయంలో పుట్టింది. న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో పిక్చర్ కలెక్షన్ అని ఒక విభాగం ఉంది. పుస్తకాలు ఇచ్చినట్టే అక్కడ బొమ్మలు ఇస్తారు. రొమానా జావిట్స్ దాని అధిపతి. రంగస్థల డిజైనర్లు, బట్టల డిజైనర్లు, పత్రికలకు బొమ్మలు వేసేవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవారు. యూరపు రాజుల కుర్చీలు, అంగీలు, పింగాణీ చూడాలంటే పెద్దపెద్ద రంగుల గ్రంథాలున్నాయి. తమ దేశంలోనే వందేళ్ల కిందట ఒక రైతు ఇంట్లో ఎలాంటి పెట్టె ఉండేదో, ఆ ఇల్లాలు ఎలాంటి దుప్పటి నేసుకుందో చూడాలంటే ఏమీ లేవు. ఆమె దగ్గరికి వచ్చేవారిలో రూత్ రీవ్స్ అనే బట్టల డిజైనరు ఒకరు. పారిస్‌లో చిత్రకారుడు ఫెర్నాండ్ లెజే దగ్గర చదువుకుని, రేడియో సిటీ మ్యూజిక్ హాలుకు గుడ్డలు, తివాచీ డిజైన్ చేసిన మనిషి. ఈమె పేరు గుర్తుపెట్టుకోండి. చివర మళ్లీ వస్తుంది. 1935లో ఈ ఇద్దరు స్త్రీలూ కలిసి ఒక పథకం తయారుచేశారు. పని లేని చిత్రకారులున్నారు, బొమ్మ లేని వస్తువులున్నాయి, ఈ రెంటినీ కలపాలి. కాహిల్ దాన్ని దేశమంతటికీ విస్తరింపజేశాడు. మొదట సమన్వయకర్తగా రీవ్స్, ఆమె తరువాత అడాల్ఫ్ గ్లాస్‌గోల్డ్, సంపాదకురాలిగా కాన్‌స్టన్స్ రూర్క్ పనిచేశారు. రూర్క్ అప్పటికే అమెరికా హాస్యం మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న రచయిత్రి. తమ దేశానికి సొంత కళాసంప్రదాయం లేదన్న మాటను ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. గొప్ప కాన్వాసుల్లో వెతికితే దొరకనిది వంటింట్లో, కొట్టంలో, ఓడరేవులో దొరుకుతుందని ఆమె వాదన.

2. కెమెరా ఉండగా కుంచె ఎందుకు?

మీలో చాలామందికి ఈపాటికి ఈ ప్రశ్న వచ్చి ఉంటుంది. 1935లో కెమెరాలు లేవా? బాగా ఉన్నాయి. డబ్ల్యూపీఏ ఫొటోలు కూడా తీయించింది. కానీ రంగుల ఫొటో అప్పుడు పసిబిడ్డ. కొడాక్రోమ్ 1935లో సినిమా ఫిల్ముగా, 1936లో మామూలు కెమెరాలకు వచ్చింది. ఆనాటి రంగుల ఫొటోల రంగును నమ్మడానికి లేదు, నిలుస్తుందన్న భరోసా అంతకన్నా లేదు. రంగు లేకుండా బొంతను చూపించి ఏం లాభం? ఇది మొదటి కారణం. పని కల్పించాల్సింది చిత్రకారులకు కాబట్టి పథకం వాళ్ల చేతికి తగ్గట్టుగా ఉండాలి. ఇది రెండోది.

ఈ రెండూ ఆనాటి అవసరాలు, కాలంతోపాటు పోయేవి. పోనిది మూడో కారణం. ఉప్పుతో మెరుగు పట్టించిన ఒక బూడిదరంగు జాడీని ఊహించుకోండి. దాని పొట్ట మీద నీలిరంగుతో ఒక పక్షి ఉంది. ఫొటో తీస్తే కిటికీ వెలుగు మెరుపై పక్షి కంటి మీద పడుతుంది. దగ్గరికి జరిగితే పొట్ట ఉబ్బినట్టు వస్తుంది, దూరం జరిగితే కుంచె జాడ పోతుంది. చిత్రకారుడు జాడీ చుట్టూ తిరుగుతాడు. చేత్తో తడుముతాడు. పిడి ఎక్కడ అతికించారో, బొటనవేలు ఎక్కడ నొక్కుకుందో చూస్తాడు. ఇన్నిసార్లు చూసిందంతా కలిపి ఒకే బొమ్మలో పెడతాడు. కెమెరా ఒక క్షణాన్ని పట్టుకుంటే, ఈ ప్రతిలో కొన్ని వారాల చూపు ఉంటుంది. వస్తువు స్వభావం పట్టుబడేది అలాగేనని కాహిల్ వాదించాడు. నా మనసు కూడా ఆయన పక్షమే.

ఇది వింటుంటే మీలో కొందరికి అమరావతి గుర్తొస్తుంది. 1797లో అక్కడి స్తూపం దిబ్బను చూసిన సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి, తన డ్రాఫ్ట్స్‌మెన్ చేత శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు. తరవాత వాటిలో కొన్ని పలకలు జాడ లేకుండా పోయాయి. కాగితం మీద గీతలే మిగిలాయి. మన నేల మీద జరిగిన ఆ పనికీ అమెరికాలో జరిగినదానికీ సంబంధం లేదు. చూసి గీసిన బొమ్మ ఎంత బరువు మోయగలదో మనకు ముందే తెలుసని మాత్రమే చెబుతున్నాను.

3. గీసేవాడు కనబడకూడదు

ఇండెక్స్‌లో గీసే పద్ధతి బోస్టన్ నుంచి వచ్చింది. అక్కడ జోసెఫ్ లిండన్ స్మిత్ అనే చిత్రకారుడు ఈజిప్టు సమాధుల్లోని శిల్పాలను, రాయి గరుకుతనం చేతికి తగిలేటట్టుగా గీసేవాడు. ఆ పద్ధతిలో ఆరితేరిన సుజాన్ చాప్‌మన్ మసాచుసెట్స్‌లోని ఇండెక్స్ చిత్రకారులకు శిక్షణ ఇచ్చింది. ఆ శిక్షణే మిగతా రాష్ట్రాలకు ఒరవడి అయింది.

ముందు కొలతలు తీసుకుని పెన్సిలుతో గీత. దాని మీద పల్చటి, పారదర్శకమైన రంగు. అది ఆరాక ఇంకో పూత, ఆపైన మరొకటి. మెరుపు కావాల్సినచోట తెల్లరంగు వాడకుండా కాగితాన్నే ఖాళీగా వదలడం. వెలుగు ఒకే వైపు నుంచి, పక్కనే చిన్న నీడ. బల్ల లేదు, గోడ లేదు, గది లేదు. తెల్ల కాగితం నడుమ వస్తువు ఒక్కటే. కుంచె విదిలించిన జాడ ఎక్కడా కనబడకూడదు. ప్రతి బొమ్మకూ జతగా ఒక వివరాల కాగితం ఉంటుంది. వస్తువు ఎవరు చేశారు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అని అందులో రాయాలి.

చిత్రకారుడికి ఇది ఎంత కష్టమో ఇక్కడున్న చిత్రకారులకు చెప్పక్కర్లేదు. తన ముద్ర కోసం తపించే వయసులో ఉన్నవాళ్లను, ముద్ర వేయొద్దని అడిగారు. విసుక్కున్నవాళ్లు ఉన్నారు. ఇష్టపడి చేసినవాళ్లు కూడా ఉన్నారు. పెర్కిన్స్ హార్న్‌లీ అనే న్యూయార్కు చిత్రకారుడు మాత్రం నియమాన్ని పక్కన పెట్టి, విక్టోరియా కాలం నాటి గదులను సామానుతో కిక్కిరిసిపోయేలా ఊహించి గీశాడు. ఇండెక్స్‌లో అవి చూడగానే ఎవరివో తెలిసిపోతాయి.

మాగ్నస్ ఫాసమ్ అని ఇంకొకాయన. 1940లో ఫ్లోరిడాలోని కోరల్ గేబుల్స్‌లో ఆయన పనిచేస్తుండగా తీసిన ఫొటో ఒకటి ప్రసిద్ధం. పక్కన 'బోస్టన్ టౌన్' అనే నేత దుప్పటి, ఎదురుగా కాగితం. దుప్పటి మీద ఇళ్లు, చెట్లు, పక్షులు నేసి ఉన్నాయి. నేతగాడు మగ్గం మీద పోగు పోగుగా వేసినదాన్ని ఈయన కుంచె మొనతో పోగు పోగుగా మళ్లీ వేస్తున్నాడు. నేత తెలిసినవాళ్లు ఆ ప్రతిని చూసి అల్లిక చెప్పగలరు. మన పోచంపల్లిలోనో మంగళగిరిలోనో మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ ఫొటో చూపిస్తే, ఆయన చేసే పని ఏమిటో నాకన్నా వాళ్లకే బాగా అర్థమవుతుంది. రెండు పనుల మధ్య వందేళ్లకు పైగా దూరం ఉన్నా, రెండింట్లోనూ ఖర్చైంది ఒకటే: ఓపిక, కంటిచూపు, నడుం నొప్పి.

లూసిల్ షాబో గీసిన గేబ్రియల్ దేవదూత కూడా ఇలాంటిదే. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్టులో ఒక చర్చి శిఖరం మీద 1840 నుంచి గాలికి తిరుగుతున్న బంగారుపూత రేకు బొమ్మ అది. బాకా ఊదుతూ అడ్డంగా ఎగిరిపోతున్న దేవదూత. ఎండకూ సముద్రపు గాలికీ పూత వెలిసి, కొన్నిచోట్ల కింది లోహం బయటపడింది. షాబో కొత్త బంగారం గీయలేదు. ఏ ఏ చోట పూత ఎంత పోయిందో, మిగిలినది ఏ రంగుకు తిరిగిందో అంతా పెట్టింది. శిఖరం మీద ఉన్నంతకాలం కింద నడిచేవాళ్లు చూసి ఉండని వివరం అది. 1965లో అమెరికా తపాలా శాఖ క్రిస్మస్ స్టాంపు కోసం ఈ బొమ్మనే తీసుకుంది. ఐదు సెంట్ల స్టాంపు. ఎవరో రేకు పనివాళ్లు చేసినదాన్ని, వారానికింతని కూలి తీసుకున్న ఒక యువతి చూసి గీస్తే, అది ఉత్తరాల మీద అంటుకుని లక్షల ఇళ్లకు చేరింది.

కూలి అన్నాను కనుక ఒక మాట. ఈ ఉద్యోగం చాలామందికి రావాలంటే ముందు తాము నిరుపేదలమని అధికారుల ఎదుట రుజువు చేసుకోవాలి. న్యూయార్కులో ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు చిత్రకారుడికి వారానికి ఇచ్చింది 24 డాలర్ల లోపు. ఆ అవమానం నుంచి లేచి వచ్చి ఇంత నిదానంగా కూర్చున్నారంటే నాకు వాళ్ల మీద గౌరవం రెట్టింపవుతుంది.

4. బల్ల మీదికి రానివి

ఇప్పుడు నా వాదనలో కష్టమైన మెట్టు.

ఇండెక్స్ దేన్ని వదిలేసింది? భవనాలను వదిలేసింది, వాటి కొలతలు తీసే సర్వే 1933 నుంచే వేరేగా నడుస్తోంది, కాబట్టి అది సబబే. ఇరవయ్యో శతాబ్దపు వస్తువులను దాదాపు వదిలేసింది. వీటితోపాటు, అమెరికా ఆదివాసులు చేసిన వస్తువులను వదిలేసింది. వాటిని మానవశాస్త్రజ్ఞులు, మ్యూజియంలు అప్పటికే నమోదు చేస్తున్నందువల్ల మళ్లీ అక్కర్లేదని నిర్వాహకులు కారణం చెప్పారు. కాగితం మీద ఇది సమంజసంగానే కనిపిస్తుంది. పని రెండుసార్లు చేయడమెందుకు?

కానీ ఇండెక్స్‌లో ఉన్న వస్తువుల్లో ఒక రకాన్ని గమనించండి. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పొగాకు దుకాణాల ముందు నిలువెత్తు కొయ్య బొమ్మలు నిలబెట్టేవారు. తల మీద ఈకలు, చేతిలో పొగాకు చుట్టలు, ఆదివాసి బొమ్మలు. చెక్కినవాళ్లు ఎక్కువమంది ఓడల బొమ్మలు చెక్కే తెల్లవాళ్లు. ఆ బొమ్మలు ఇండెక్స్‌లో ఉన్నాయి, ఎంతో శ్రద్ధగా గీసినవి. అంటే ఆదివాసి గురించి ఇంకొకరు చెక్కిన ఊహ అమెరికన్ డిజైన్ అయింది. ఆదివాసి స్త్రీ తన చేత్తో అల్లిన బుట్ట మాత్రం శాస్త్రజ్ఞుడి బీరువాకు పోయింది. ఇందులో ఎవరూ ద్వేషంతో చేసిందేమీ లేదు. అయినా దేశపు ఇంటిసామాను లెక్క రాసేటప్పుడు ఆ ఇంట్లో అందరికన్నా ముందు ఉన్నవాళ్ల సామానును పరాయి పద్దులో రాశారు. ఈ బాధను ఇండెక్స్ మీద ప్రేమతోనే చెబుతున్నాను. ప్రేమ లేకపోతే ఈ లోటు నాకు పట్టేది కూడా కాదు.

కొన్ని వస్తువులు బల్ల మీదికి రాకపోవడానికి ఇంకో కారణం మరీ మామూలుది, అందుకే తొందరగా కనబడదు. ఇండెక్స్ పని ఎక్కడ సాగిందంటే, సహాయం కోరే చిత్రకారులు ఎక్కడ ఉంటే అక్కడ. మసాచుసెట్స్, న్యూయార్కు, పెన్సిల్వేనియాల్లో వాళ్లు ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ. అందువల్ల ఉత్తరాది ఓడరేవుల వస్తువులు వేలల్లో చేరాయి. బానిసలుగా బతికిన నల్లజాతివాళ్లు చేసిన కుండలు, కుట్టిన బొంతలు, కొట్టిన ఇనుము దక్షిణాదిన ఇంటింటా ఉన్నా, వాళ్ల పేరుతో నమోదైనవి బహు తక్కువ. వస్తువు ఇచ్చేది యజమాని కనుక వివరాల కాగితం మీద యజమాని పేరు తేలిగ్గా పడుతుంది. చేసినవారి పేరు దగ్గర ఖాళీ మిగులుతుంది.

సేకరించేవాళ్ల అభిరుచి దీనికి తోడైంది. 1910ల నుంచి అమెరికా ఆధునిక చిత్రకారులు, శిల్పులు పాత రేకు బొమ్మలను, కొయ్య పక్షులను కొని ఇళ్లలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. తాము వెతుకుతున్న సూటి గీత, చదునైన రంగు వాళ్లకు వీటిలో దొరికింది. ఎలీ నాడెల్మన్ అనే శిల్పి ఒక మ్యూజియం నిండా సేకరించాడు. మంచి కన్ను ఉన్న మనుషులు వీళ్లు. ఆ కన్నుకు నచ్చినవే సేకరణల్లోకి చేరాయి, సేకరణల్లో ఉన్నవే చిత్రకారుడి బల్ల మీదికి తేలిగ్గా వచ్చాయి. షేకర్లు అనే బ్రహ్మచర్య సమాజం చేసిన నిరాడంబరమైన కుర్చీలు, పెట్టెలు అంత ప్రముఖంగా నిలవడానికి వాటి గొప్పతనంతోపాటు ఇది కూడా ఒక కారణం. అలంకారం లేని ఆ కొయ్యలో 1930ల వాళ్లకు తమ కాలమే కనబడింది.

అయితే ఎంపిక తలుపులు అన్నివైపులా మూసుకుని లేవు. న్యూ మెక్సికోలో స్పానిష్ పల్లెల్లోని చర్చిల్లో కొయ్యతో చెక్కిన సాధువుల విగ్రహాలు, పలకల మీద గీసిన పూజాచిత్రాలు ఉన్నాయి. ఇ. బాయ్డ్ అనే చిత్రకారిణి వాటిని గీసింది; 1938లో ఆ రాష్ట్రం వాటితో ఒక పోర్ట్‌ఫోలియో కూడా అచ్చువేసింది. తరవాత ఆమె ఆ కళకు పెద్ద పండితురాలైంది. పెన్సిల్వేనియాలో విల్‌హెల్మ్ షిమ్మెల్ అనే దేశదిమ్మరి జేబుకత్తితో గద్దలు చెక్కి, వాటిని భోజనానికీ మద్యానికీ మార్చుకుంటూ పల్లెలు తిరిగాడు. 1890లో ఒక పేదల ఆశ్రమంలో చనిపోయాడు. ఇండెక్స్‌లో ఆయన చెక్కినవి ఉన్నాయి, పేరుతో సహా.

ఇక ఎడ్వర్డ్ లోపర్. డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పుట్టిన నల్లజాతి యువకుడు. 1936లో ఇండెక్స్‌లో చేరేనాటికి ఇరవై ఏళ్లు. కళాశాల చదువు లేదు. రంగు కలపడం, వెలుగు పట్టడం అక్కడే, తోటి చిత్రకారుల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. తరవాత స్ఫటికపు ముక్కల్లాంటి రంగులతో తన ఊరి వీధులను గీసి పేరు తెచ్చుకుని, దశాబ్దాలపాటు ఎందరికో నేర్పి, 2011లో కన్నుమూశాడు. తన పూర్వీకుల వస్తువులు పెద్దగా కనబడని ఆ సంకలనంలో, ఇతరుల వస్తువులను ఆయన ఎంత నిష్ఠగా గీసి ఉంటాడో ఆలోచించినప్పుడు నాకు మాట తడబడుతుంది. చేసే పనిలోని నిజాయితీ, పనిని నిర్ణయించినవాళ్ల చూపు ఒకేచోట ఎంత దగ్గరగా, ఎంత వేరుగా ఉండగలవో ఆయన జీవితంలో స్పష్టంగా ఉంది.

5. అచ్చుకాని సంపుటాలు

ఈ మెట్టు చిన్నది. ఇండెక్స్ రంగుల సంపుటాలుగా అచ్చై బడులకు, గ్రంథాలయాలకు చేరాలన్నది మొదటి ఉద్దేశం. అది జరగలేదు. ఆర్ట్ ప్రాజెక్టు గోడచిత్రాల మీద రాజకీయ అనుమానాలు రేగినా పాత బొంతల మీద ఎవరికీ కోపం లేదు గనక, ఇండెక్స్ మీద పెద్దగా గొడవ రాలేదు. 1939లో చట్టసభ నిధులకు కత్తెర వేసింది, 1942లో యుద్ధం ఈ పనిని ఆపింది. న్యూయార్కులో ప్రాజెక్టు కాన్వాసులు కొన్నిటిని తుక్కు కింద అమ్మేశారు. ఇండెక్స్ ప్రతులు మాత్రం మెట్రొపాలిటన్ మ్యూజియంలో కొంతకాలం ఉండి నేషనల్ గ్యాలరీకి చేరాయి. 1950లో ఎర్విన్ క్రిస్టెన్సెన్ ఒక ఎంపిక పుస్తకం తెచ్చాడు. 2002లో ఆ గ్యాలరీ కొన్ని ప్రతులను వాటి అసలు వస్తువుల పక్కనే పెట్టి ప్రదర్శించింది. ఇప్పుడు ప్రతులన్నీ అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చు. మీ జేబుల్లో ఉన్న ఫోన్లలోనే దొరుకుతాయి.

6. రూత్ రీవ్స్ ఢిల్లీకి వచ్చింది

గుర్తుపెట్టుకోమన్న పేరు ఇది. రూత్ రీవ్స్ ఇండెక్స్ పని వదిలాక కూడా చేతిపని వెంట తిరగడం మానలేదు. ఆమె 1956లో ఫుల్‌బ్రైట్ సహాయంతో భారతదేశం వచ్చింది. వచ్చి ఇక్కడే ఉండిపోయింది. 1966లో ఢిల్లీలో చనిపోయింది. మైనంతో అచ్చు చేసి, మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోసే మన పోతపని మీద ఆమె రాసిన పుస్తకాన్ని 1962లో ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియం ప్రచురించింది. 1961 జనాభా లెక్కలతోపాటు రిజిస్ట్రార్ జనరల్ అశోక్ మిత్రా దేశమంతటా గ్రామాల సర్వే, హస్తకళల సర్వే చేయించారు. హస్తకళల విషయంలో ఆయనకు గౌరవ సలహాదారుగా నిలిచింది ఈమే. ఆ క్రమంలోనే మన ఆంధ్రప్రదేశ్ హస్తకళల సంపుటాలు కూడా వెలువడ్డాయి. పాత గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి ఉంటాయి, దయచేసి వెతకండి.

ఆ సర్వే సంపుటాలను ఇండెక్స్ పక్కన పెట్టి చూస్తే నాకు ఒక పెద్ద మార్పు కనబడుతుంది. ఇండెక్స్ వస్తువును అడిగింది. ఈ సర్వే మనిషిని అడిగింది: ముడిసరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది, ధర ఎంత, ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు, ఆడవాళ్ల వంతు ఏమిటి, అప్పు ఎవరికివ్వాలి, సరుకు ఎవరు కొంటారు, పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా. అమెరికాలో ఆమె చూసిన వస్తువుల్ని చేసినవాళ్లు చాలామంది అప్పటికే చనిపోయారు. ఇక్కడ మగ్గం ముందు, కొలిమి ముందు మనిషి బతికి ఉన్నాడు, మాట్లాడతాడు. వివరాల కాగితంలో ఖాళీగా మిగిలిన ఆ గడిని నింపే అవకాశం ఆమెకు మన దేశంలో దొరికిందని నేను అనుకుంటాను. అయితే ఈసారి లేనిది రంగు. అన్ని ప్రశ్నలు అడిగిన ఆ నల్లని అచ్చుపుటల్లో, షాబో బంగారాన్ని చూసినట్టు ఒక కొండపల్లి బొమ్మ రంగును వారాల తరబడి కూర్చుని చూసిన కన్ను లేదు.

ఈ రెండూ కలిసిన పని నాకు తెలిసినంతలో ఎక్కడా పూర్తిగా జరగలేదు. అందుకని మాస్టారి పేరున ఉన్న నిధి సంఘం సభ్యుల ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను, దాన్ని చర్చకు తీసుకోవాలని కోరుతున్నాను. ఏటా ఈ నిధి మీద వచ్చే వడ్డీలో కొంత భాగంతో ఈ జిల్లాలో చేతిపని చేసేవారి దగ్గరికి ఇద్దరిద్దరు విద్యార్థులను పంపుదాం. ఒకరు ఒక్క వస్తువును, ఒకే ఒక్కదాన్ని, తొందర లేకుండా నీటిరంగుల్లో గీయాలి. ఇంకొకరు పక్కన కూర్చుని వివరాల కాగితం రాయాలి. అందులో మొదటి గడి చేసినవారి పూర్తి పేరు. రెండోది ఆ వస్తువుకు వారికి ముట్టింది ఎంత. మూడోది వారు ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు. కొయ్య అయితే ఏ చెట్టు, ఎక్కడ కొట్టుకొచ్చారు. కొండపల్లి బొమ్మల కొయ్య తెల్లపొణికి దొరకడం కష్టమైతే ఇప్పుడు దేనితో చేస్తున్నారు. యజమాని పేరు చివరి గడిలో రాయవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్లాలన్న జాబితాను సంఘం ఒక్కటే తయారుచేయకుండా, ముందు ఆ పనివారి సంఘాలనే అడగాలి. మనకు అందంగా కనబడనిది కూడా వాళ్లు ముఖ్యమంటే గీయాలి. గీసిన ప్రతి బొమ్మ నకలు ఒకటి ఆ వస్తువు చేసినవారి ఇంట్లో ఉండాలి.

మొదటి జంటగా వెళ్లడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు సభ ముగిశాక నా దగ్గరికి రండి.